పక్కపక్కన ఎనిమిది గంటలు

ఏడు కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది. కైలువా రేవు పక్కన నీళ్లలో కాళ్లాడిస్తూ తేలుతున్నారు మీరు. అడుగు అందడం లేదు. 1989 అక్టోబరు 14, శనివారం. హవాయి దీవుల్లో అన్నిటికంటే పెద్దదాని పడమటి ఒడ్డు. పొద్దు పొడిచింది గానీ ఊరి మీద ఎండ పడలేదు, వెనక హుఆలలై కొండ అడ్డుగా ఉంది. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. అయినా మీ దవడ వణుకుతోంది. చలి మీద నెపం వేయడానికి లేదు.

చుట్టూ వెయ్యికి పైగా తలలు, రబ్బరు టోపీల్లో. ఈ తలలన్నీ ఇవాళ 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డెక్కి 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి. సైకిల్ దిగి మారథాన్, అంటే 42.2 కిలోమీటర్లు, పరుగెత్తాలి. అర్ధరాత్రి లోపల ముగించాలి. పదకొండేళ్ల కిందట, 1978లో, ఈ దీవుల్లోనే ఒకటైన ఓహూలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి దీన్ని మొదలుపెట్టాడు. ఈతగాడు, సైకిల్‌వాడు, పరుగువాడు, వీళ్లలో ఎవరు గట్టివాడన్న వాదన తేల్చుకోవడానికి. ఆ రోజు బయల్దేరింది పదిహేను మంది, గమ్యం చేరింది పన్నెండు మంది. దానికి పెట్టిన పేరు ఐరన్‌మ్యాన్.

మీకు బారెడు దూరంలో ఇద్దరున్నారు. ఒకతను డేవ్ స్కాట్, 35 ఏళ్లు. ఈ పోటీని ఆరుసార్లు గెలిచాడు. మొన్న జులైలో జపాన్‌లో బీవా సరస్సు దగ్గర ఇదే దూరాన్ని 8 గంటల 1 నిమిషం 32 సెకన్లలో ముగించి వచ్చాడు. అంతకుముందు ఎవరూ అంత వేగంగా ముగించలేదు. రెండో అతను మార్క్ అలెన్, 31 ఏళ్లు. రెండు నెలల కిందట ఫ్రాన్స్‌లోని అవీన్యోలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మరెక్కడికి వెళ్లినా గెలుస్తాడు. ఇక్కడికి ఆరుసార్లు వచ్చి ఆరుసార్లూ ఓడాడు. 1982లో సైకిల్ గేర్లు విరిగాయి. 1984లో పది నిమిషాలకు పైగా ముందుండి, పరుగులో ఒళ్లు చచ్చుబడి అయిదో స్థానానికి జారాడు. 1987లో కడుపులో రక్తస్రావమై ఆ రాత్రి ఆసుపత్రిలో గడిపాడు. నిరుడు రెండుసార్లు టైర్లలో గాలి పోయింది.

ఇవాళ అతను అనుకున్నది ఒక్కటే: స్కాట్ నీడ వదలకూడదు.

ఫిరంగి పేలింది.

కాళ్లు, మోచేతులు, నురగ. ఎవరి మడమో మీ కళ్లద్దాలకు తగిలింది. మొదటి రెండొందల మీటర్లు ఊపిరి అందదు. ఎంత సాధన చేసినవాడికైనా అందదు. గుండె గొంతులోకి వస్తుంది. తర్వాత గుంపు సాగి తాడులా పలచబడుతుంది. అప్పుడు చూడండి, అలెన్ స్కాట్ పాదాల వెనకే ఉన్నాడు. ముందువాడు చీల్చిన నీళ్లలో వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. అలెన్ చిన్నప్పట్నుంచీ ఈతగాడే, కావాలంటే పక్కకు తప్పుకుని దాటే ప్రయత్నం చేయొచ్చు. చేయడు. కింద పగడపు రాళ్ల మీదుగా పసుపు చేపలు వెళ్తున్నాయి, స్కాట్ పాదాల నుంచి బుడగలు లేస్తున్నాయి, అంతే. యాభై ఒక్క నిమిషాలకు ఇద్దరూ ఒడ్డెక్కారు. మధ్య తేడా ఒక్క సెకను.

ఆ ఓర్పు ఈ ఉదయం పుట్టింది కాదు. అది ఎక్కడ పుట్టిందో చూడాలంటే మనం ఈ తీరం వదిలి అయిదేళ్లు వెనక్కి, దక్షిణ కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గరి ఒక రోడ్డు మీదికి వెళ్లాలి.

ఛాతీకి పట్టీ కట్టుకున్న ఒక యువకుడు పరుగెత్తుతున్నాడు. పట్టీలోని యంత్రం గుండె కొట్టుకునే లెక్క చూస్తుంది. ఫిల్ మాఫెటోన్ అనే శిక్షణ నిపుణుడు అతనికి ఒక హద్దు గీశాడు: నిమిషానికి 155. అది దాటకుండా పరుగెత్తు, అంతే. అలెన్ అప్పటిదాకా ప్రతి రోజూ పందెంలాగే పరుగెత్తేవాడు. ఇప్పుడు ఈ లెక్క దాటకూడదంటే కిలోమీటరుకు అయిదు నిమిషాలకు పైగా పడుతోంది. కాస్త పొట్ట ఉన్న ఆరోగ్యవంతుడు పార్కులో పరుగెత్తే వేగం అది. ఎత్తు వస్తే నడవాలి. ప్రపంచ స్థాయి ఆటగాడు రోడ్డు మీద నడుస్తున్నాడు, పక్కనుంచి ఎవరెవరో దాటిపోతున్నారు.

మీరు అతని పక్కన నడవండి ఒక్క నిమిషం. ఒంట్లో నొప్పి లేదు, ఆయాసం లేదు. కానీ ఎక్కడో లోపల మండుతోంది. కాళ్లలో ఇంత బలం పెట్టుకుని ఆపుకోవడమా? వీళ్లు నన్ను చూసి ఏమనుకుంటారు? రేపు పందెంలో ఈ నత్తనడకే వస్తే? ఈ ప్రశ్నలతో ఒక వారం వేగడం తేలిక. నెలల తరబడి వేగాలి. మనోబలం అనగానే మనకు పళ్లు బిగించిన ముఖం గుర్తుకొస్తుంది. దూరపు పోటీల గురించి చదివినకొద్దీ నాకు మాత్రం ఈ రోడ్డు మీది నడకే గుర్తుకొస్తుంది. నొప్పిని ఓర్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నెమ్మదిగా వెళ్లడాన్ని ఓర్చుకునేవాళ్లు తక్కువ.

లోపల ఏం జరుగుతోందంటే, తక్కువ వేగంలో ఒళ్లు ఎక్కువగా కొవ్వును కాలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ చక్కెర మీదికి మళ్లుతుంది. కండరాల్లో, కాలేయంలో దాచిన చక్కెర కొద్ది గంటల కష్టానికి సరిపోతుంది, ఎనిమిది గంటలకు ఏమాత్రం చాలదు. కొవ్వు నిల్వ మాత్రం ఎంత బక్కపలచని మనిషికైనా రోజులకు రోజులు వస్తుంది. దాన్ని వేగంగా కాల్చడం ఒంటికి నేర్పాలి. కండలోకి సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకోవాలి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. ఇవేవీ పరుగెత్తుతున్నప్పుడు జరిగేవి కావు. పరుగు దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ మాన్పుకుంటూ ఒళ్లు మునుపటికంటే ఒక పిసరు ఎక్కువ కట్టుకుంటుంది. ఆ కట్టుకోవడం నిద్రలో, తిండిలో, ఏమీ చేయని మధ్యాహ్నాల్లో జరుగుతుంది. మానకముందే మళ్లీ కొడితే కట్టిన గోడ తడి ఆరకముందే పైన ఇంకో వరస పేర్చినట్టు.

దుక్కి దున్నే రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే కాడి దించి ఎద్దుల్ని నీళ్లకు తోలతాడు. ఇంకా రెండు చాళ్లు మిగిలాయి కదా అని చర్నాకోల తీసేవాణ్ణి ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు. దూరపు పోటీకి సాధన చేసేవాడు ఎద్దూ తానే, రైతూ తానే. కష్టం అక్కడే ఉంది.

ఆ రోడ్డు మీద కాలం గడిచింది. గుండె అదే 155 దగ్గరే ఉంది, కానీ కిలోమీటరుకు పట్టే సమయం మెల్లగా తగ్గుతూ వచ్చింది. చివరికి అదే గుండె లెక్కతో అలెన్ కిలోమీటరును 3 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తే స్థితికి వచ్చాడు. తాను కొత్తగా శ్రమపడకుండానే వేగం వచ్చి చేరినట్టుంది. ఏటా మొదటి నెలలన్నీ ఇలా నెమ్మది పునాదికి, పందేలు దగ్గరపడ్డాక కొద్ది వారాలు మాత్రమే తీవ్రమైన వేగానికి కేటాయించేవాడు.

అయినా కోనా, అంటే ఈ హవాయి పోటీ, లొంగలేదు. 1987 సంగతి చెప్పాను కదా. ఎండలో రక్తం చర్మం వైపు పరుగుతీస్తుంది, ఒంటిని చల్లబరచడానికి. మిగిలింది కాళ్ల కండరాలు లాక్కుంటాయి. పేగులకు దాదాపు ఏమీ మిగలదు. అవి గంటల తరబడి అలా ఎండితే లోపలి పొర దెబ్బతింటుంది, రక్తం కారుతుంది. పరుగు సగం దాటేదాకా ముందున్న మనిషిని ఆ రోజు స్కాట్ దాటి వెళ్లిపోయాడు. కండలు సిద్ధమైనా, ఎండతో, గాలితో, స్కాట్ అంటే ఉన్న భయంతో పోరాడుతూ పరుగెత్తినంతకాలం ఒంట్లో ఒక చిల్లు ఉంటూనే ఉంది.

ఇక తిరిగి రండి, సైకిళ్లు బయల్దేరాయి.

క్వీన్ కాఅహుమను హైవే. రెండు పక్కలా గడ్డకట్టిన లావా, నల్లగా, కాలిన ఊరులా. చెట్టు లేదు, నీడ లేదు. నల్ల రాయి ఎండను తాగి తిరిగి మీ ముఖాన ఊస్తోంది. ఉత్తరాన హావీ అనే చిన్న ఊరు దాకా వెళ్లి వెనక్కి తిరగాలి. కొండల మీంచి పక్కవాటుగా గాలి దిగుతుంది, ఇక్కడివాళ్లు ముముకు అంటారు. ఒక్కసారి తోసిందంటే సైకిల్ అడుగు పక్కకు జరుగుతుంది. మీరు హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి వంగి ఉన్నారు. మెడ పట్టేసింది. పెదవుల మీద ఉప్పు.

స్కాట్ ముందు, నిబంధన ప్రకారం వదలాల్సిన దూరం వదిలి వెనక అలెన్. స్కాట్ పెంచితే అలెన్ పెంచుతాడు. స్కాట్ తగ్గిస్తే తగ్గిస్తాడు. మొదటి గంటన్నర కాళ్లు ఉరకలేస్తాయి, పోటీకి ముందు రెండు మూడు వారాలు సాధన తగ్గించి దాచుకున్న బలం అది. ఆ తగ్గించే వారాలు ఎలా ఉంటాయో ఒకసారి పడినవాళ్లకే తెలుసు. పని తగ్గగానే ఒళ్లు తేలికవ్వాలి కదా, కానీ కాళ్లు బరువెక్కుతాయి. లేని మోకాలి నొప్పి కనిపెడతారు. రాత్రి నిద్ర పట్టదు. చేసిందంతా కరిగిపోతోందన్న భయంతో చివరి వారంలో ఒక పెద్ద పరుగు తీసి నెలల కష్టాన్ని పాడుచేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

గాలి ఎదురైంది. తల దించుకుని తొక్కే ఈ పొడుగాటి దారిలో ఒక మాట చెప్పుకుందాం.

ఈ ఆట ఇప్పుడు మన దగ్గరికీ వచ్చింది. 2019 నుంచి గోవా మిరామార్ తీరంలో దీనిలో సగం దూరం పోటీ జరుగుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ తొక్కి, తొమ్మిదింటికి ఆఫీసులో లాగిన్ అయ్యేవాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఒకరైనా ఉండే ఉంటారు. వాళ్ల చేతికి గడియారం ఉంది, అది అంకెలు చెబుతుంది. గత 42 రోజుల భారం ఇంత, గత 7 రోజుల అలసట ఇంత, తేడా ఇంత. మంచి సాధనం, వాడుకోవాలి. కానీ నిన్న రాత్రి పిల్లాడికి జ్వరం వచ్చి మీరు మూడింటిదాకా మేల్కొని తడిగుడ్డ వేసిన సంగతి ఆ భారం లెక్కలో లేదు. పైఅధికారి మాట పడ్డది లేదు. అమెరికావాళ్లతో అర్ధరాత్రి మీటింగు లేదు. ఒంటికి ఇవన్నీ వేరు వేరు ఖాతాలు కావు. హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లోనే ఈ సంగతి పట్టుకున్నాడు: దెబ్బ ఏ రూపంలో వచ్చినా ఒళ్లు ఒకే తీరున స్పందిస్తుంది, ముందు ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, ఆపకపోతే కుదేలవుతుంది. ఆటనే వృత్తిగా పెట్టుకున్నవాడు పరుగు అవగానే పడుకుంటాడు. మనం పరుగు అవగానే ట్రాఫిక్‌లోకి వెళ్తాం. అతని పట్టికను ఉన్నదున్నట్టు మన గోడకు అంటించుకుంటే కూలేది మనమే.

కుదేలయ్యే ముందు ఒళ్లు కబురు పెడుతుంది. పొద్దున లేవగానే నాడి మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే తొడలు బరువు. చిన్నదానికి ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటారు. అలసి పడుకున్నా నిద్ర పట్టదు, ఇది విచిత్రంగా ఉంటుంది గానీ నిజం. జలుబు వారాల తరబడి వదలదు. అన్నిటికంటే ముందు పోయేది ఇష్టం. సైకిల్ వైపు చూడబుద్ధి కాదు. దాన్ని సోమరితనం అనుకుని మనల్ని మనమే తిట్టుకుని ఇంకాస్త తొక్కుతాం. ఆ పొద్దున సైకిల్‌ను గోడకే వదిలేసి మళ్లీ దుప్పటి కప్పుకోవడానికి కావలసిన ధైర్యాన్ని ఎవరూ ఫోటో తీయరు.

సరే, హావీ మలుపు తిరిగాం. గాలి ఒకసారి వీపున తడుతుంది, ఒకసారి గుండెల మీద నెడుతుంది. సీసాలోని తియ్యటి నీళ్లు వేడెక్కి కషాయంలా ఉన్నాయి, అయినా గుక్క గుక్కగా తాగాలి.  ఇద్దరూ సైకిల్ మీద గడిపింది 4 గంటల 38 నిమిషాలు. మధ్య తేడా, నమ్మండి, మళ్లీ ఒక్క సెకను.

ఇక పరుగు. 180 కిలోమీటర్లు తొక్కిన కాళ్లు నేల మీద పెట్టగానే అవి మీవి కావనిపిస్తుంది. తొడలు ఇంకా తొక్కుతున్నాయి, నేలేమో కదలడం లేదు. ఈ ఇద్దరికి ఆ ఇబ్బంది రెండు నిమిషాలు కూడా లేదు. కిలోమీటరు 3 నిమిషాల 50 సెకన్ల లోపే. భుజం భుజం రాసుకునేంత దగ్గర. మాటల్లేవు. ఒకే అడుగు, ఒకే ఊపిరి. వాళ్ల వెనక కార్లు, మోటార్ సైకిళ్లు, మామూలు సైకిళ్లు, ఒక ఊరేగింపే కదులుతోంది. ఆశ్చర్యమేమిటంటే ఆ ఊరేగింపులోనూ ఎవరూ పెద్దగా అరవడం లేదు. టప్, టప్, టప్. నాలుగు బూట్ల చప్పుడు.

అలెన్ పక్కనే ఉండి వినండి. పైకి వినబడేది కాదు, అతను తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నది. పరుగు సగానికొచ్చేసరికి స్కాట్ వేగం పెంచుతున్నాడు. అలెన్ లోపల పాత గొంతు మొదలైంది: ఇక వల్ల కాదు, ఇతను నీకంటే గట్టివాడు, రెండో స్థానం చాలులే. ఇంతకుముందు ఈ గొంతే గెలిచింది. ఆ తర్వాత, ఎంత అలసిపోయాడంటే, ఆ గొంతుకు కూడా మాట్లాడే ఓపిక లేకపోయింది. లోపల నిశ్శబ్దం. ఆ ఖాళీలోకి ఒక ముఖం వచ్చింది. రెండు రోజుల కిందట ఓ పత్రిక తిరగేస్తూ చూసిన ఫోటో. మెక్సికోలోని హుయిచోల్ తెగ వృద్ధ గురువు డాన్ హోసే మాత్సువా, నూరేళ్లు దాటిన మనిషి, పక్కన ఆయన శిష్యుడు బ్రాంట్ సెకుండా. ఆ ముసలాయన ముఖంలో బతికి ఉన్నందుకే సంతోషం కనిపించిందట అలెన్‌కు. ఆ క్షణంలో తనకూ అదే అనిపించింది: ఇంత గొప్ప ఆటగాడి పక్కన, ఈ దీవి మీద, ఇంకా పరుగెత్తగలుగుతున్నాను, ఇది చాలు. గెలవాలన్న బిగువు సడలింది. బిగువు సడలగానే కాళ్లలోకి బలం వచ్చింది.

దీన్ని మహిమ అనుకోవక్కర్లేదు, కొట్టిపారేయనూ అక్కర్లేదు. భయపడ్డవాడి భుజాలు పైకి లేస్తాయి, దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, అక్కర్లేని కండలన్నీ చక్కెర తింటాయి. ఆరో గంటలో, ఏడో గంటలో ఆ దుబారా ప్రాణం తీస్తుంది. మనసు నిమ్మళించడమంటే ఒంటికి అది కూడా ఒక విశ్రాంతే, పరుగెత్తుతూనే దొరికే విశ్రాంతి. నాకు ఈ పోటీలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ ఘడియే. ఏళ్ల తరబడి ఆ 155 దగ్గర తనను తాను ఆపుకున్న మనిషికి కాబట్టి ఆ సడలింపును వాడుకోవడానికి కాళ్లలో ఏదో మిగిలి ఉంది. ఏమీ మిగలని కాళ్ల మీదికి ఆ ముసలాయన ముఖం వచ్చి ఉంటే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు?

దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు అయ్యాయి. హైవే మీద చివరి పొడుగాటి ఎత్తు. అది దాటితే పలానీ రోడ్డు దిగుడు, ఆ కింద ఊరు, అలీయీ డ్రైవ్, ముగింపు. దిగుడులో తోడుగా వెళ్తే స్కాట్‌ను వదిలించుకోవడం కష్టమని అలెన్‌కు తెలుసు. నీళ్ల పందిరి వచ్చింది. అలెన్ ఒక్కసారిగా లేచాడు. అరుపు లేదు, ముఖంలో మార్పు లేదు, అడుగు మాత్రం మారింది. ఒక మీటరు. మూడు మీటర్లు. ఏడున్నర గంటలకు పైగా మీ కళ్లు ఇద్దరినీ కలిపే చూశాయి, ఇప్పుడు మధ్యలో రోడ్డు కనిపిస్తోంది. ఆ నల్లటి ఖాళీ తారు రోడ్డును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. స్కాట్ వదల్లేదు, నడకలోకి దిగలేదు, తన జీవితంలోనే గొప్ప పరుగు తీస్తున్నాడు. అయినా ఆ ఖాళీ పెరుగుతోంది. ఆ ఎత్తును ఇప్పుడు మార్క్ అండ్ డేవ్ హిల్ అంటారు. ఇద్దరి పేరూ పెట్టడం నాకు చాలా నచ్చింది.

అలెన్ 8 గంటల 9 నిమిషాల 15 సెకన్లు. స్కాట్ 8 గంటల 10 నిమిషాల 13 సెకన్లు. యాభై ఎనిమిది సెకన్లు. అప్పటిదాకా ఉన్న కోర్సు రికార్డును ఇద్దరూ పద్దెనిమిది నిమిషాలకు పైగా తగ్గించారు. మూడోవాడు గ్రెగ్ వెల్చ్ వచ్చేసరికి ఇంకో ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అలెన్ ఆ రోజు తీసిన 2 గంటల 40 నిమిషాల 4 సెకన్ల మారథాన్‌ను ఈ దారిలో దాటడానికి 2016 దాకా ఎవరి తరమూ కాలేదు.

ఇక్కడితో ఆగొచ్చు. కానీ ఇదే వీధిలో ఇంకో మధ్యాహ్నం నిలబడకుండా వెళ్తే సగమే చూసినట్టు. ఆరేళ్లు ముందుకు జరగండి, 1995 అక్టోబరు.

అలెన్‌కు 37 ఏళ్లు. ఇప్పటికే అయిదుసార్లు గెలిచాడు, ఇదే చివరిసారి. సైకిల్ దిగేసరికి ఇరవై నాలుగేళ్ల జర్మన్ కుర్రాడు థామస్ హెల్రీగెల్ పదమూడున్నర నిమిషాలు ముందున్నాడు. పదమూడున్నర నిమిషాలంటే కనుచూపు మేరలో మనిషే ఉండడు. అలెన్ కంగారుపడి మొదటి పది కిలోమీటర్లలోనే పట్టేయాలని చూడలేదు. కిలోమీటరుకు కొన్ని సెకన్లు, కిలోమీటరుకు కొన్ని సెకన్లు. అప్పు తీర్చినట్టు. ముగింపుకు కొద్ది కిలోమీటర్ల ముందు దాటేశాడు.

అదే రోజు, అదే అలీయీ డ్రైవ్ మీద, ముగింపు గీత కనిపించేంత దగ్గర్లో ఒక స్త్రీ తూలుతోంది. పౌలా న్యూబీ-ఫ్రేజర్. ఇక్కడ ఏడుసార్లు గెలిచిన మనిషి. వెనకనుంచి కారెన్ స్మయర్స్ దూసుకొస్తోందన్న ఆందోళనలో చివరి నీళ్ల పందిళ్ల దగ్గర ఆగలేదు. ఆ ఏడు సాధన హద్దు మీరిందని తర్వాత ఆమే ఒప్పుకుంది. మీరు కంచె ఇవతల నిలబడ్డారు, చేయి చాస్తే అందేంత దూరం. ఆమె చేతులు గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. స్మయర్స్ దాటిపోయింది. న్యూబీ-ఫ్రేజర్ రోడ్డు పక్కన కూలబడింది. బూట్లు విప్పేసింది. మీద నీళ్లు పోస్తున్నారు. మీకు అరవాలనిపిస్తుంది, గొంతు రాదు. ఇరవై నిమిషాలు అలా గడిచాయి. తర్వాత ఆమె లేచి, వట్టి కాళ్లతో, నెమ్మదిగా నడుచుకుంటూ గీత దాటింది. నాలుగో స్థానం. మరుసటి ఏడు తిరిగొచ్చి ఎనిమిదోసారి గెలిచింది.

మళ్లీ 1989కి రండి, రాత్రి అయింది. అలెన్ ఎప్పుడో వెళ్లిపోయాడు. స్కాట్ వెళ్లిపోయాడు. కానీ హైవే మీద ఇంకా మనుషులున్నారు. లావా మీద చీకటి ఎంత చిక్కగా ఉందంటే పక్కన పరుగెత్తేవాడు కనిపించడు, ఊపిరి వినిపిస్తుంది. వాళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుతూ సాధన చేసినవాళ్లు. కొందరు నడుస్తున్నారు. నీళ్ల పందిరి దగ్గర ఎవరో వేడి సూప్ కప్పు చేతికిస్తే రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా కాసేపు ఆ వెచ్చదనాన్నే పట్టుకుని నిలబడుతున్నారు. రాత్రి పన్నెండు లోపు చేరాలి. అలీయీ డ్రైవ్ మలుపులో దీపాల వెలుగు చూసి నడిచేవాడు కూడా పరుగు అందుకుంటాడు.

మర్నాడు ఆదివారం ఉదయం అదే వీధిలో మీరు కాఫీ కోసం వెళ్తారు. సముద్రం నిన్నటిలాగే ఉంది. ఒక హోటల్ మెట్ల దగ్గర నలుగురైదుగురు గుమిగూడారు. తొడలు ఎంత పట్టేశాయంటే మామూలుగా దిగలేరు. కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ వెనకనుంచి దిగుతున్నారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. కింది మెట్టు మీద ఒకతను చేతిలో బూట్లతో కూర్చుని ఉన్నాడు. వేసుకోవాలన్న తొందర అతనికి లేదు. బూట్లను పక్కన ఎండలో పెట్టి, కాళ్లు చాపుకుని, అలల వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.